డిఫన్ నేర్పండి: సాంకేతిక విద్యా మండళ్ళకు ఉమ్ అల్ క్వైన్ నుంచి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సాంకేతిక విద్యా శిక్షణ మండళ్ళ అధ్యక్షులకు, పాఠ్య ప్రణాళికా సంఘాల సభ్యులకు,



ఎమిరేట్స్‌లోని ఏడింటిలో జనం అందరికన్నా తక్కువ ఉన్నది ఉమ్ అల్ క్వైన్. అజ్మాన్ దాటి రాస్ అల్ ఖైమా వైపు వెళ్ళే దారిలో, ఒక పక్క మడ అడవులు, సినియా దీవి, ఇంకో పక్క పారిశ్రామిక వాడలు. ఇలాంటి వాడల్లోని షెడ్లకూ, చుట్టుపక్కల సైట్లకూ షాప్ డ్రాయింగులు గీసే ఆఫీసుల్లో తెలుగు మాట వినిపిస్తుంది. గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్ళలో సివిల్ డిప్లొమా, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసినవాళ్ళూ ఉన్నారు. సర్టిఫికెట్ చేతబట్టుకుని వచ్చి ఆటోక్యాడ్ ముందు కూర్చునేది వాళ్ళే.

కొత్తగా చేరినవాడికి మొదటి వారంలోనే ఒక సంగతి ఎదురవుతుంది. కన్సల్టెంట్ రివిజన్ పంపుతాడు: అన్ని షీట్లలో అక్షరాల ఎత్తు మార్చాలి, డైమెన్షన్లు వేరే లేయర్‌లోకి వెళ్ళాలి, చాంబర్లకు వరుస నంబర్లు వేయాలి. వాడు ఒక్కొక్క అక్షరాన్నీ పట్టుకుని మారుస్తూ ఉంటాడు. పక్క కుర్చీలోని సీనియర్ చూసి అడుగుతాడు: "లిస్ప్ లేదా?" వాట్సాప్‌లో ఒక చిన్న ఫైలు వస్తుంది. ఆప్‌లోడ్ కమాండ్‌తో దాన్ని ఎక్కించి రెండక్షరాలు టైపు చేస్తే పూటంతా పట్టే పని చిటికెలో అయిపోతుంది.

ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి లోపలేముందో చూసేవాళ్ళు తక్కువ. ఈ లేఖ రాయడానికి కారణం అదే. రోజూ వాడే ఆ ఫైలు 1958 నాటి ఒక గొప్ప కంప్యూటర్ భాష నుంచి వారసత్వంగా వచ్చిందనీ, అందులో తన పనికి కావలసిన కమాండును తానే నిర్వచించుకోవచ్చనీ డిప్లొమా విద్యార్థికి తరగతి గదిలోనే తెలియాలి. గల్ఫ్‌లో ఎవరో పంపిన ఫైలు ద్వారా, అదీ సగం సగం, తెలియాల్సిన విషయం కాదిది.

1958లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జాన్ మెకార్తీ లిస్ప్‌కు రూపకల్పన మొదలుపెట్టాడు. 1960లో దాని మీద ఆయన పరిశోధనా పత్రం వెలువడింది. ప్రమేయాలను నిర్వచించే పద్ధతిని గణితంలో ఎలా రాస్తామో యంత్రానికీ దాదాపు అలాగే రాయవచ్చని అందులో చూపించాడు. లిస్ప్‌లో రాసిన ఏ వాక్యానికైనా విలువ కట్టగల ప్రమేయాన్ని లిస్ప్‌లోనే రాశాడు కూడా. అది కాగితం మీద సిద్ధాంతం కోసం రాసుకున్నది. స్టీవ్ రస్సెల్ అనే యువ ప్రోగ్రామర్ దాన్ని ఐబీఎం 704 యంత్ర భాషలోకి చేత్తో మార్చి నడిపించేశాడు. భాషకు ఇంటర్‌ప్రెటర్ పుట్టింది అలా.

ఆ యంత్రపు గుర్తు ఒకటి నేటికీ డ్రాఫ్ట్స్‌మన్ వేళ్ళ కింద నలుగుతోంది. ఐబీఎం 704లో ఒక పదంలోని అడ్రస్ భాగాన్ని తీసే పనికి పెట్టిన పొట్టి పేరు 'కార్'. మిగతాదాన్ని తెచ్చేది 'కడర్'. ఆటోక్యాడ్‌లో ఒక బిందువు అంటే మూడు సంఖ్యల జాబితా. దాని ఎక్స్ విలువ కావాలంటే (కార్ బిందువు), వై విలువ కావాలంటే (క్యాడర్ బిందువు) అని రాయాలి. ఆ యంత్రాలు ఎప్పుడో తుక్కులో కలిశాయి, పేర్లు మాత్రం ఉమ్ అల్ క్వైన్ ఆఫీసుల్లో రోజూ టైపు అవుతున్నాయి.

ఆటోక్యాడ్ 1982 డిసెంబర్‌లో అమ్మకానికి వచ్చింది. దాంట్లోకి లిస్ప్, ఆటోలిస్ప్ అనే పేరుతో, 1986 జనవరిలో 2.18 వెర్షన్‌తో చేరింది. డేవిడ్ బెట్జ్ రాసి అందరికీ అందుబాటులో పెట్టిన ఎక్స్‌లిస్ప్ అనే చిన్న ఇంటర్‌ప్రెటర్ దానికి ఆధారం. కొనుక్కున్న సాఫ్ట్‌వేర్‌కు కొనుక్కున్నవాడే కొత్త కమాండ్లు చేర్చుకునే వీలు కల్పించడం ఆ రోజుల్లో పెద్ద ఆలోచన. తక్కువ ధరలో దొరికే ఆటోక్యాడ్ ఎల్‌టీలో చాలా ఏళ్ళు ఈ సౌకర్యం లేదు. 2024 వెర్షన్‌తో దానికీ ఆటోలిస్ప్ వచ్చింది. బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటివి కూడా ఈ ఫైళ్ళను నడుపుతాయి. కాబట్టి ఇది ఒక్క కంపెనీ వస్తువును నేర్పే వ్యవహారం కాదు.

ఇక అసలు పనిలోకి. డ్రైనేజీ డ్రాయింగ్ తీసుకుందాం. రెండు మ్యాన్‌హోల్ చాంబర్ల మధ్య దూరం 18 మీటర్లు. పైపు వాలు 100కి 1. మొదటి చాంబర్ ఇన్వర్ట్ లెవెల్ (పైపు లోపలి అడుగు మట్టం) 2.500. రెండో దానిది ఎంత? 18ని 100తో భాగిస్తే 0.18, కనుక 2.320. ఒక లైనుకు చేత్తో చేసుకోవచ్చు. ఒక కాలనీకి చేయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఆటోలిస్ప్‌లో 'డిఫన్' అన్న మాటతో దీన్ని ఒకసారి నిర్వచిస్తే చాలు. అచ్చులో చదువుకోవడానికి వీలుగా కింద తెలుగు అక్షరాల్లో రాశాను. ఆటోక్యాడ్‌కు ఇచ్చేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

(డిఫన్ ఇన్వర్ట్ (మొదలు దూరం వాలు)
  (- మొదలు (/ దూరం వాలు)))

డిఫన్ తర్వాత పేరు, బ్రాకెట్లో తీసుకునే విలువలు, ఆ తర్వాత చేయాల్సిన లెక్క. కూడికైనా తీసివేతైనా గుర్తు ముందు వస్తుంది, సంఖ్యలు వెనక వస్తాయి. మొదటి రోజు వింతగా ఉంటుంది, రెండో వారానికి అలవాటవుతుంది.

ఇప్పుడు కమాండ్ లైనులో (ఇన్వర్ట్ 2.5 18 100) అని ఇస్తే ఆటోలిస్ప్ ఏమంటుంది? 2.32 అనదు. 2.5 అంటుంది. పైపుకు వాలే లేదు! కారణం: ఆటోలిస్ప్‌లో రెండు పూర్ణాంకాలను భాగిస్తే వచ్చేది పూర్ణాంకమే, దశాంశ భాగం రాలిపోతుంది. 18ని 100తో భాగిస్తే దాని దృష్టిలో సున్నా. వాలును 100.0 అని ఇచ్చినా, నిర్వచనంలోనే (/ దూరం (ఫ్లోట్ వాలు)) అని మార్చినా లెక్క సరిపోతుంది. అదే స్కీమ్ అనే మరో లిస్ప్‌లో 18ని 100తో భాగిస్తే 9/50 అన్న భిన్నం అలాగే ఉంటుంది, ఏదీ రాలిపోదు. ఒకే కుటుంబంలోని రెండు భాషలు ఒకే భాగహారానికి రెండు జవాబులు ఇస్తాయి. ఇది తెలియని కుర్రాడు స్క్రీన్ మీద వచ్చిన 2.5ను నమ్మి డ్రాయింగ్‌లో వేస్తాడు. సైట్‌లో తవ్వేవాడు ఆ డ్రాయింగ్‌ను నమ్ముతాడు. ఎవరో రాసిన ఫైలును తెరవకుండా వాడటంలో ప్రమాదం ఇక్కడుంది.

ప్రమేయాన్ని కమాండుగా మార్చడానికి పేరు ముందు 'సి:' చేర్చాలి.

(డిఫన్ సి:ఐఎల్ (/ ఎత్తు దూరం)
  (సెట్‌క్యూ ఎత్తు (గెట్‌రియల్ "మొదటి లెవెల్: "))
  (సెట్‌క్యూ దూరం (గెట్‌డిస్ట్ "రెండు చాంబర్లు చూపించు: "))
  (ప్రింక్ (ఇన్వర్ట్ ఎత్తు దూరం 100.0))
  (ప్రింక్))

ఇక ఐఎల్ అని టైపు చేసి ఎంటర్ కొడితే అది లైన్, సర్కిల్ లాంటి సొంత కమాండే. బ్రాకెట్లో ఏటవాలు గీత (/) తర్వాత ఉన్న రెండు పేర్లను గమనించాలి. ఈ ప్రమేయం నడుస్తున్నంతసేపే బతికే పేర్లవి. ఆ గీతను మరిచిపోతే 'దూరం' అన్న పేరులోని విలువ ఆ డ్రాయింగ్ మూసేదాకా అలాగే ఉండిపోతుంది. అదే పేరు వాడే మరో ఫైలు పాత విలువను అందుకుని తప్పు లెక్క వేస్తుంది. నిన్న బాగా నడిచిన లిస్ప్ ఇవాళ ఎందుకు తిక్కగా ఉందో అర్థంకాక జుట్టు పీక్కునే సందర్భాల్లో చాలావాటి మూలం ఈ ఒక్క గీత. మండలి పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా పెట్టదగిన సంగతి ఇది.

చదవడం రావాలని ఇంత గట్టిగా అడగడానికి ఇంకో కారణం ఉంది. 2012 జూన్‌లో ఈసెట్ అనే భద్రతా సంస్థ ఏక్యాడ్/మెడ్రె.ఏ అనే పురుగును బయటపెట్టింది. అది ఆటోలిస్ప్‌లోనే రాసినది. డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లో నక్కి, డ్రాయింగ్ తెరవగానే దానంతట అదే లోడై, ఆ డ్రాయింగును ఈమెయిల్ ద్వారా బయటికి పంపేది. ఎక్కువగా పెరూ దేశంలో వేల డ్రాయింగులు అలా పోయాయి. ఆ తర్వాతి వెర్షన్లలో ఆటోడెస్క్ కంపెనీ సెక్యూర్‌లోడ్ అనే కాపలా పెట్టింది. నమ్మకమైన ఫోల్డర్ కాని చోటు నుంచి లిస్ప్ లోడ్ చేయబోతే అది హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు 'లోడ్' నొక్కాలా వద్దా అన్నది మాత్రం కుర్చీలో కూర్చున్నవాడే తేల్చాలి. ఫైలు తెరిచి చదవగలిగినవాడు తేలుస్తాడు. చదవలేనివాడు నొక్కేస్తాడు.

ఇంతవరకూ ప్రమేయాల సంగతి. మాక్రోల గురించి చెప్పకుండా లిస్ప్ నేర్పితే సగమే నేర్పినట్టు. ఇక్కడ చెప్పేది ఆటోక్యాడ్ టూల్‌బార్ బటన్ వెనక ఉండే కమాండ్ల వరుసను గురించి కాదు. లిస్ప్ మాక్రో వేరే జాతి.

దాని అవసరం ఎక్కడ పుడుతుందో డ్రాఫ్ట్స్‌మన్ అనుభవంలోనే ఉంది. పాయింటును దగ్గర్లోని గీత కొసకు లాగే ఓస్నాప్ ఆన్‌లో ఉండగా లిస్ప్ చేత గీతలు గీయిస్తే అవి పక్కనున్న మరో గీత కొసకు అతుక్కుపోతాయి. అందుకని మంచి లిస్ప్ ఫైలు ముందు ఓస్నాప్ విలువను ('ఓస్‌మోడ్') దాచుకుంటుంది, దాన్ని సున్నా చేస్తుంది, పని చేస్తుంది, చివరికి పాత విలువను తిరిగి పెడుతుంది. మధ్యలో ఎస్కేప్ నొక్కితే? తిరిగి పెట్టే వాక్యం దాకా ప్రోగ్రాం రాదు. "అన్నా, నా ఓస్నాప్ పోయింది" అన్న కేక ఏ డ్రాయింగ్ ఆఫీసులోనైనా వినపడేదే. దీనికి విరుగుడుగా ప్రతి ఫైలులోనూ ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేయాలో మళ్ళీ మళ్ళీ రాసుకోవాలి.

తెలివైన విద్యార్థి వెంటనే అంటాడు: ఈ ముందూ వెనకా పనులను ఒక ప్రమేయంలో పెట్టేద్దాం. (స్నాప్-ఆపి (గీతలు-గీయి)) అని రాస్తే సరిపోతుంది కదా! సరిపోదు. లిస్ప్ ప్రమేయాన్ని పిలిచే ముందు దానికిచ్చిన వాటన్నిటి విలువలూ కట్టేస్తుంది. అంటే గీతలు-గీయి ముందే నడిచిపోతుంది, అదీ స్నాప్ ఆన్‌లో ఉండగానే. గీతలన్నీ తప్పుగా అతుక్కున్నాక స్నాప్-ఆపి తీరిగ్గా రంగంలోకి దిగి, స్నాప్ ఆపి, మళ్ళీ పెట్టి, వెళ్ళిపోతుంది. ప్రమేయానికి అందేది పని ఫలితమే. పని దాని చేతికి రాదు.

మాక్రోకు పనే అందుతుంది. లిస్ప్‌లో ప్రోగ్రాం కూడా ఒక జాబితాయే. బిందువు మూడు సంఖ్యల జాబితా అయినట్టే (గీతలు-గీయి) కూడా ఒక మాట ఉన్న జాబితా. మాక్రో ఆ జాబితాను విలువ కట్టకముందే అందుకుని, దాని చుట్టూ కావలసినవి చేర్చి, కొత్త జాబితాను తిరిగి ఇస్తుంది. నడిచేది ఆ కొత్త జాబితా. లిస్ప్ కుటుంబంలోని కామన్ లిస్ప్ అనే భాష పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

(డెఫ్‌మాక్రో స్నాప్-ఆపి (&రెస్ట్ పనులు)
  `(లెట్ ((పాత (గెట్‌వార్ "ఓస్‌మోడ్")))
     (అన్‌వైండ్-ప్రొటెక్ట్
       (ప్రోగ్న్ (సెట్‌వార్ "ఓస్‌మోడ్" 0) ,@పనులు)
       (సెట్‌వార్ "ఓస్‌మోడ్" పాత))))

వంకర కొటేషన్ గుర్తు (`) తర్వాత ఉన్నదంతా అచ్చులా అలాగే ఉంటుంది. కామా, @ గుర్తు పక్కపక్కనే ఉన్నచోట మాత్రం విద్యార్థి ఇచ్చిన పనులు వచ్చి పరుచుకుంటాయి. అన్‌వైండ్-ప్రొటెక్ట్ అన్నది, లోపల ఏం జరిగినా, మధ్యలో ఆగిపోయినా, చివరి వాక్యాన్ని నడిపించి తీరుతుంది. ఇక ఏ ఫైలులోనైనా (స్నాప్-ఆపి ...) అని ఒక్క మాట రాస్తే చాలు. భాష తయారుచేసినవాళ్ళు ఇవ్వని నియంత్రణ వాక్యాన్ని విద్యార్థి తన భాషకు చేర్చుకున్నాడు. ఇఫ్, వైల్ లాంటివి పై నుంచి దిగివచ్చినవి కావనీ, అలాంటివి తానూ చేయగలననీ వాడికి తెలిసే క్షణం ఇది. వేరే ఏ భాషలోనూ ఇంత తక్కువ ఖర్చుతో ఆ సంగతి అర్థం కాదు.

ఆటోలిస్ప్‌లో డెఫ్‌మాక్రో లేదు. ఎక్స్‌లిస్ప్ నుంచి ఎదిగే దారిలో ఆ కొమ్మ అక్కడే ఆగింది. దాంతో డ్రాఫ్ట్స్‌మన్లు చేసేది ఒక అడ్డదారి: పని ముందు చిన్న కొటేషన్ గుర్తు పెట్టి, దాన్ని ముడి జాబితాగా ప్రమేయానికి అందించి, లోపల 'ఇవాల్' చేత నడిపించడం. పని జరుగుతుంది. కానీ పిలిచిన ప్రతిసారీ ఆ గుర్తును గుర్తుపెట్టుకోవాలి. మరిచిపోతే ఏ తప్పూ చూపించకుండా పాత కథే మొదలవుతుంది. డిఫన్ నేర్చిన విద్యార్థికి ఈ అడ్డదారిని చూపించి, తర్వాత మాక్రో ఉన్న లిస్ప్‌లోకి తీసుకెళ్తే ఎందుకు వెళ్తున్నాడో వాడికి ముందే తెలిసి ఉంటుంది.

లిస్ప్‌లోకి మాక్రోలు 1963లో వచ్చాయి. ఎంఐటీలో టిమోతీ హార్ట్ రాసిన ఒక చిన్న మెమోతో అవి మొదలయ్యాయి. వాటితోపాటే ఒక చిక్కూ వచ్చింది. పై మాక్రోలో 'పాత' అన్న పేరు ఉంది. విద్యార్థి తన పనిలోనూ 'పాత' అన్న పేరే వాడుకుంటే రెండూ కలిసిపోతాయి, అతని విలువ పోయి ఓస్నాప్ విలువ వచ్చి కూర్చుంటుంది. కామన్ లిస్ప్‌లో దీన్ని తప్పించడానికి ఎవరూ వాడని కొత్త పేరును యంత్రం చేతే పుట్టిస్తారు. స్కీమ్ వర్గం మరో దారి పట్టింది: 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసన్, డూబా అనే నలుగురు, మాక్రోలోని పేర్లు బయటి పేర్లతో కలవకుండా భాషే చూసుకునే పద్ధతిని ప్రతిపాదించారు. తర్వాత అది స్కీమ్ ప్రమాణంలో భాగమైంది. విద్యార్థులకు ముందు చిక్కును చూపించి ఆ తర్వాత ఈ పద్ధతి చెప్పాలి. చిక్కు చూడకుండా విరుగుడు బట్టీపడితే మిగిలేది ఏమీ ఉండదు.

ఒక జాగ్రత్త కూడా పాఠంలో ఉండాలి. ప్రమేయంతో అయ్యే పనికి మాక్రో రాయకూడదు. ప్రమేయాన్ని మరో ప్రమేయానికి అందించవచ్చు, ఒక జాబితాలోని ప్రతి చాంబర్ మీదా దాన్ని నడిపించవచ్చు. మాక్రోను అలా అందించడం కుదరదు, అది నడిచే వేళకు మిగిలి ఉండదు. ఇన్వర్ట్ లెవెల్ లెక్క ఎప్పటికీ ప్రమేయమే. స్నాప్-ఆపి మాత్రం మాక్రో కావాలి. ఈ తేడాను తన నోటితో చెప్పగలిగిన విద్యార్థికి పాస్ మార్కులు ఇచ్చేయవచ్చు.

గల్ఫ్‌లో ఉండి లిస్ప్ గురించి మాట్లాడుతూ అరబ్బీ ఊసు ఎత్తకపోతే కుదరదు. 1982లో కువైట్‌లో మొదలైన సఖర్ కంపెనీ అరబ్బీ కంప్యూటర్లు తయారుచేసి ఈ ప్రాంతమంతా అమ్మింది. 1980లలో ఆ కంప్యూటర్ల మీద పిల్లలు అరబ్బీ లోగో నేర్చుకున్నారు. లోగో 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫర్‌జైగ్, సింథియా సాలమన్ పిల్లల కోసం రూపొందించిన భాష. లిస్ప్‌కు నేరుగా బిడ్డ. చతురస్రం గీయడం ఎలాగో, తెర మీద గీతలు గీసే లోగో తాబేలుకు ఒకసారి చెప్పి దానికో పేరు పెడితే, అది తాబేలుకు కొత్త కమాండ్ అయిపోతుంది. డిఫన్ చేసేదీ అదే. 2012లో రామ్సీ నాసర్ అనే ప్రోగ్రామర్ న్యూయార్క్‌లో 'ఖల్బ్' అనే భాష చేశాడు. స్కీమ్ లాంటి లిస్ప్ అది, ప్రతి మాటా అరబ్బీలోనే ఉంటుంది, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఫిబొనాచీ సంఖ్యలనూ కాన్వే జీవన క్రీడనూ అందులో రాసి చూపించాడు. దాన్ని పరిశ్రమకు పనికొచ్చే సాధనంగా ఆయన ముందుకు తేలేదు. ప్రోగ్రామింగ్ ప్రపంచం ఎంతగా ఒక్క లిపి మీద ఆధారపడి ఉందో చూపే కళాఖండంగా నిలబెట్టాడు.

తెలుగులో ఆ ప్రయోగం చేయడానికి కొత్త భాష కట్టనక్కర్లేదు. స్కీమ్ నుంచి వచ్చిన రాకెట్ అనే భాష ఉచితం, పేర్లను తెలుగు లిపిలో పెట్టుకోనిస్తుంది. పైథాన్ కూడా 2008 నాటి 3.0 నుంచి తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది, కానీ దాని డెఫ్, ఇఫ్ మాటలను ఎవరూ మార్చలేరు. రాకెట్‌లో ఒక మాక్రో చాలు:

(డిఫైన్-సింటాక్స్-రూల్ (నిర్వచించు పేరు పని ...)
  (డిఫైన్ పేరు పని ...))

ఆ తర్వాత (నిర్వచించు (వైశాల్యం పొడవు వెడల్పు) (* పొడవు వెడల్పు)) అన్నది నడిచే ప్రోగ్రామే. పదో తరగతి వరకు ప్రభుత్వ బడిలో తెలుగు మీడియంలో చదివి పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లకు దీని విలువ వేరే చెప్పాలా? తెలుగు మాటలతోనే పరిశ్రమలో ప్రోగ్రాములు రాస్తారని కాదు. భావం మొదట తన మాటల్లో నిలబడితే, తర్వాత ఇంగ్లీషు కమాండ్లు అదే భావానికి పేర్లుగా సులువుగా వచ్చి చేరతాయి. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్పాలి: తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం దూరుతుంటుంది. చూపుకు ఒకేలా ఉన్న రెండు పేర్లు యంత్రానికి వేర్వేరు పేర్లు కావచ్చు. ల్యాబ్ మాన్యువల్‌లో అలాంటి పేర్లు లేకుండా చూసుకుంటే సరిపోతుంది.

లిస్ప్ తెలుగువాళ్ళకు పరాయిది అనుకునేవారికి ఒక పేరు గుర్తుచేయాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, రాజ్ రెడ్డిగా లోకానికి తెలిసినాయన, 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి పట్టా తీసుకున్నారు. ఏ శాఖలో? సివిల్ ఇంజనీరింగ్‌లో. లిస్ప్ పుట్టిన సంవత్సరమే అది. ఆ తర్వాత ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, లిస్ప్‌ను రూపొందించిన జాన్ మెకార్తీ దగ్గరే పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందారు. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టే విద్యలో తొలి అడుగులు వేసినవారిలో ఆయన ఒకరు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పల్లెటూరి బడుల్లో పదో తరగతి బాగా చదివిన పిల్లల కోసం 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల ఏర్పాటులోనూ ఆయన పాత్ర ఉంది. సివిల్ విద్యార్థికి ప్రోగ్రామింగ్ ఎందుకు అని పాఠ్య ప్రణాళికా సంఘంలో ఎవరైనా అడిగితే ఆయన జీవితాన్ని ముందు పెట్టవచ్చు.

ఆ సంఘం సమావేశంలో ఇంకో రెండు అభ్యంతరాలు తప్పక వస్తాయి. ఒకటి: ఆటోక్యాడ్ కాలం అయిపోతోంది, అందరూ బిమ్‌కు (భవనాన్ని సమాచార నమూనాగా తయారుచేసే పద్ధతికి), దాని సాఫ్ట్‌వేర్ రెవిట్‌కు మారుతున్నారు. నిజమే, దుబాయ్ మునిసిపాలిటీ 2014 నుంచే పెద్ద భవనాలకు బిమ్ తప్పనిసరి చేసింది. కానీ చిన్న ఎమిరేట్లలో, ఫ్యాబ్రికేషన్ షాపుల్లో, రోడ్లూ డ్రైనేజీ పనుల్లో రెండు కొలతల డ్రాయింగ్ ఇంకా రాజ్యమేలుతోంది. రెవిట్‌కు వెళ్ళినా అక్కడ డైనమో అనే ప్రోగ్రామింగ్ సాధనం ఉంది. తిరిగి తిరిగి చేసే పనికి పేరు పెట్టి సొంత నోడ్‌గా దాచుకోవడమే అక్కడా చేయాల్సింది. ప్రమేయాన్ని నిర్వచించడం తెలిసినవాడికి ఆ మార్పు బరువు కాదు.

రెండోది: ఇప్పుడు కృత్రిమ మేధ అడగ్గానే లిస్ప్ రాసిస్తుంది, నేర్పడం దేనికి? 2025-26 విద్యాసంవత్సరం నుంచి ఎమిరేట్స్‌లో ప్రభుత్వ బడులన్నిటిలో కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి వరకు కృత్రిమ మేధను పాఠ్యాంశం చేశారు. అంటే మన డ్రాఫ్ట్స్‌మన్ రేపు పోటీపడేది దాన్ని చిన్నప్పటి నుంచీ చదివిన తరంతో. యంత్రం రాసిచ్చిన పది లైన్లలో భాగహారం పూర్ణాంకాల మధ్య జరుగుతోందా, గీత తర్వాత పేర్లు ఉన్నాయా, ఎస్కేప్ నొక్కితే ఓస్నాప్ తిరిగొస్తుందా అని చూసి చెప్పగలిగినవాడికే ఆ ఆఫీసులో కుర్చీ ఉంటుంది. లెవెల్ తప్పితే సంతకం పెట్టినవాడిని అడుగుతారు, ఫైలు ఎవరు రాశారని అడగరు.

అందుకని మండళ్ళను కోరేది పెద్దదేం కాదు. సివిల్, మెకానికల్ డిప్లొమాల క్యాడ్ ల్యాబులో ఆరు వారాలు డిఫన్‌కు కేటాయించండి. ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచితంగా ఇస్తున్న లైసెన్సుతో ఇది నడుస్తుంది, కాలేజీకి అదనపు ఖర్చు లేదు. కంప్యూటర్ ఇంజనీరింగ్ డిప్లొమాలో రాకెట్‌తో ఒక యూనిట్ పెట్టి మాక్రోల దాకా తీసుకెళ్ళండి. రెండిటికీ ల్యాబ్ మాన్యువల్ తెలుగులో రాయించండి. ఉదాహరణలు ఇన్వర్ట్ లెవెళ్ళు, స్టీల్ బరువు, చాంబర్ నంబర్లు, మెట్ల కొలతలు కావాలి గానీ ఎక్కడో పుస్తకంలోని పజిళ్ళు వద్దు. ప్రాక్టికల్ పరీక్షలో కొత్తది రాయమనే ముందు, ఇచ్చిన ఫైలును చదివి అదేం చేస్తుందో చెప్పమనండి. లెక్చరర్లకు ముందు శిక్షణ ఇవ్వండి. ఎవరో ఇచ్చిన ఫైలు ఎక్కించడమే తెలిసిన గురువు, విద్యార్థికీ అదే నేర్పుతాడు.

ఈ పనికి గల్ఫ్‌లోని తెలుగు డ్రాఫ్ట్స్‌మన్ల దగ్గర సరుకు ఉంది. క్లయింట్ల వివరాలు తీసేసి, పనిలో నిగ్గుతేలిన ఫైళ్ళను మాన్యువల్‌కు ఇవ్వగలరు. అక్కడ సాయంత్రం ఏడైతే ఇక్కడ ఐదున్నర; సెలవు రోజున ఆన్‌లైన్‌లో లెక్చరర్లతో కూర్చోవడానికి ఈ గంటన్నర తేడా అడ్డు కాదు.

పరీక్షా పత్రం ఎలా ఉండవచ్చో తెలియడానికి రెండు నమూనా ప్రశ్నలను దీనికి జతపరుస్తున్నాను.

మొదటిది: పైన ఉన్న మొదటి 'ఇన్వర్ట్' నిర్వచనం ఆటోలిస్ప్‌లో (ఇన్వర్ట్ 3.0 45 150) అంటే ఏ విలువ ఇస్తుంది? రావలసిన విలువ ఎంత? నిర్వచనంలో ఒక్కచోట మాత్రమే మార్చి సరిచేయండి.

రెండోది: స్నాప్-ఆపి మాక్రోను రెండుసార్లు, ఒకదానిలో ఒకటి పెట్టి వాడితే ఓస్నాప్ విలువ ఏ వరుసలో మారుతుంది? లోపలి పని మధ్యలో ఎస్కేప్ నొక్కితే చివరికి ఏ విలువ మిగులుతుంది? వరుస రాసి చూపండి.

ఇట్లు,
ఉమ్ అల్ క్వైన్ నుంచి
ఒక తెలుగు డ్రాఫ్ట్స్‌మన్